ఆషాఢంలో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మార్చాను

ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లకి ఏడాదిలో కాస్త తీరిక దొరికే నెలల్లో అదొకటి. నేను విశాఖలో, మర్రిపాలెంలో ఇంట్లోనే ఉండి రెండు ఫొటో స్టూడియోలకు ఎడిటింగ్ చేస్తాను. తొమ్మిదేళ్లుగా ఒకే సాఫ్ట్‌వేర్ వాడాను. పోయిన ఆషాఢంలో దాన్ని వదిలి డావిన్సీ రిజాల్వ్‌కి మారాను.

పాత సాఫ్ట్‌వేర్‌కి నెలనెలా కట్టే అద్దె ఒక కారణం. పని లేని నెలలో కూడా కట్టాల్సిందే. కానీ మనసు విరిగింది మాత్రం మాఘమాసంలో. రెండున్నర గంటల పెళ్లి వీడియో. రెండర్, అంటే ఎడిట్ చేసిందంతా ఒకే వీడియో ఫైలుగా తయారవడం, 90 శాతం దగ్గరికి వచ్చేది, సాఫ్ట్‌వేర్ దానంతటదే మూసుకుపోయేది. మూడు రాత్రులు అదే తంతు. చివరికి టైమ్‌లైన్‌ని, అంటే వరసగా పేర్చిన క్లిప్పులన్నిటినీ, నాలుగు ముక్కలు చేసి, విడివిడిగా రెండర్ చేసి, మళ్లీ కలిపాను. అప్పటికే పెళ్లికూతురు అమెరికా వెళ్లిపోయింది. అమ్మాయి ఉండగా అందరం కలిసి చూద్దామనుకున్నామమ్మా అని వాళ్ల నాన్నగారు అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది.

స్టూడియో అన్నయ్యకు చెబితే ముందు భయపడ్డాడు. "శ్రావణంలో మొదటి ముహూర్తానికే మూడు పెళ్లిళ్లున్నాయమ్మా. అప్పటికి నీకు చెయ్యి తిరక్కపోతే పార్టీ వాళ్లకి నేనేం చెప్పాలి?" అన్నాడు. "అందుకే ఇప్పుడే మొదలుపెడతానన్నయ్యా, నెల రోజులుంది కదా" అన్నాను.

రిజాల్వ్ మొదట సినిమాలకు కలర్ గ్రేడింగ్, అంటే రంగులు సరిదిద్దే పని, చేసే వ్యవస్థ. ఒకప్పుడు లక్షల డాలర్ల ఖరీదు. 2009లో ఆస్ట్రేలియా కంపెనీ బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ దాన్ని తయారుచేసే డావిన్సీ సిస్టమ్స్ సంస్థను కొన్నాక పరిస్థితి మారింది. ఇప్పుడు ఒక వెర్షన్ ఉచితం. స్టూడియో వెర్షన్‌కి 295 డాలర్లు ఒకేసారి కడితే చాలు, నెలవారీ అద్దె లేదు. నేను ఉచితంతోనే మొదలుపెట్టాను.

మొదటి తప్పు మొదటి రోజే చేశాను. కొత్త ప్రాజెక్టు తెరిస్తే ఫ్రేమ్ రేట్, అంటే సెకనుకు ఎన్ని బొమ్మలు అన్న లెక్క, 24 అని ఉంటుంది. మా స్టూడియోల పెళ్లి కెమెరాలు 25లో తీస్తాయి. మొదటి క్లిప్ వేసినప్పుడు మార్చమంటారా అని అడిగింది, చదవకుండా వద్దు అని నొక్కేశాను. సాయంత్రం దాకా కట్ చేశాక కదలికలో ఏదో తేడా కనిపించింది. అప్పుడు చూస్తే ఆ సెట్టింగ్ మార్చడానికి వీల్లేకుండా ఉంది. ఫుటేజ్ లోపలికి తెచ్చాక ప్రాజెక్టు ఫ్రేమ్ రేట్ మారదు. రోజంతా చేసిన పని మళ్లీ మొదటి నుంచి చేశాను. ఇప్పుడు ప్రాజెక్టు పేరు టైప్ చేయగానే నా చెయ్యి నేరుగా ఆ సెట్టింగ్ దగ్గరికే వెళ్తుంది.

రెండో రోజు ఇంకో కంగారు. పెన్‌డ్రైవ్‌లో బ్యాకప్ తీసుకుందామంటే ఫోల్డర్‌లో ప్రాజెక్టు ఫైలే లేదు. రిజాల్వ్ ప్రాజెక్టులను విడి ఫైళ్లుగా కాకుండా తన డేటాబేస్‌లో దాచుకుంటుంది. మనకు కాపీ కావాలంటే ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి. విండోస్ పాడైతే పని మొత్తం పోతుందన్న భయంతో, రోజూ పడుకునే ముందు ఎక్స్‌పోర్ట్ చేసి వేరే హార్డ్‌డిస్క్‌లో పెట్టడం అలవాటు చేసుకున్నాను.

పాత ప్రాజెక్టులను ఇందులోకి తేవడానికి ఎక్స్‌ఎమ్‌ఎల్ దారి ఉంది. ఎడిట్ వివరాలను ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి మోసుకొచ్చే ఫైలు అది. ఒక పెళ్లిని అలా తెచ్చి చూశాను. కట్స్ వచ్చాయి, ఒక దృశ్యం ఇంకోదాంట్లోకి కరిగే డిజాల్వ్‌లు వచ్చాయి. టైటిల్స్, ప్లగిన్‌లు, నేను చేసిన కలర్ రాలేదు. దాని మీద ఒక పూట కూడా ఎక్కువ పెట్టలేదు. పాతవి పాతదాంట్లోనే పూర్తి చేయాలని, కొత్తవి మాత్రమే ఇందులో మొదలుపెట్టాలని నిర్ణయించుకున్నాను. మారేవాళ్లెవరైనా పాత అద్దె వెంటనే ఆపకండి. ఇచ్చేసిన వీడియోల్లో కూడా మార్పులు అడుగుతారు. నేను రెండు నెలలు రెండూ నడిపాను.

తెలుగు టైటిల్స్ గురించి మాత్రం చాలా టెన్షన్ పడ్డాను. నా పాత టైటిల్స్ అన్నీ అను ఫాంట్లలో ఉన్నాయి. ఇంగ్లిష్ అక్షరాల స్థానంలో తెలుగు అక్షరాలు పెట్టిన పాత తరహా ఫాంట్లు అవి. ఆ అక్షరాలను యూనికోడ్ ఫాంట్‌లోకి మారిస్తే ఇంగ్లిష్ అక్షరాల గందరగోళం అవుతుంది. అందుకని రామభద్ర, మండలి లాంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు వేసుకుని, రిజాల్వ్‌లో టైటిల్స్ రాసే టెక్స్ట్ ప్లస్‌లో జ్యోత్స్న, లక్ష్మి, శ్రీకృష్ణ అని టైప్ చేసి ఒత్తులు ఒక్కొక్కటీ చూసుకున్నాను. సరిగ్గానే పడ్డాయి. టైటిల్స్ అన్నీ కొత్తగా తయారు చేయడానికి నాలుగు రోజులు పట్టింది. శుభలేఖలో అక్షరం తప్పితే ఎంత బాధపడతారో వీడియోలో పేరు తప్పినా అంతే, అందుకే తొందరపడలేదు.

పౌర్ణమి ముందు సింహాచలం గిరి ప్రదక్షిణ వచ్చింది. అత్తయ్య 32 కిలోమీటర్లు నడుస్తానంటే నేనూ వెంట వెళ్లాను. కొండ కింద మొదటి మెట్టు తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టడం దగ్గర్నుంచి, హనుమంతవాక, రాత్రి అప్పూఘర్ దగ్గర సముద్రం, తెల్లవారుజామున మా మర్రిపాలెంలో మావారు మజ్జిగ పంచడం దాకా ఫోన్‌లో తీశాను. కొత్త సాఫ్ట్‌వేర్‌లో నేను పూర్తి చేసిన మొదటి వీడియో అదే. ఫోన్ వీడియోలో ఫ్రేమ్ రేట్ నిలకడగా ఉండదు. కాసేపయ్యాక మాట ఒకచోట, పెదవి ఒకచోట. హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన ఫ్రేమ్ రేట్‌కి మార్చి తెచ్చుకుంటే కుదిరింది.

నాకు ఈ సాఫ్ట్‌వేర్ మీద ప్రేమ పుట్టింది కలర్ పేజీలో. పాతదాంట్లో ఒకదాని మీద ఒకటి లేయర్లు వేసేదాన్ని. ఇక్కడ నోడ్స్, అంటే ఒక్కో సవరణకు ఒక్కో గడి, పూసలు గుచ్చినట్టు ఒకదాని తర్వాత ఒకటి. మొదటి వారం అవి తలకెక్కలేదు. మంగళస్నానం ఫుటేజ్‌తో కూర్చున్నాక అర్థమైంది. ఎండలో పసుపు రాసిన ముఖం ఎప్పుడూ మండిపోతున్నట్టు వస్తుంది. తగ్గిద్దామంటే పందిరికి కట్టిన మామిడాకులు కూడా వాడిపోయినట్టు అయ్యేవి. ఇప్పుడు మొదటి నోడ్‌లో వెలుతురు సరిచేశాను. రెండో నోడ్‌లో, రంగును బట్టి ఎంచుకునే క్వాలిఫయర్‌తో పసుపు రంగును మాత్రమే పట్టుకున్నాను. దాంతోపాటు బంతిపూలు, మెడలో నగలు కూడా వచ్చేశాయి. సవరణ అక్కడికే పరిమితమయ్యేలా ముఖం చుట్టూ ఒక విండో గీసి, కదలికను వెంబడించే ట్రాకర్ నడిపిస్తే, అమ్మాయి నవ్వుతూ తల తిప్పినా విండో వెంటే తిరిగింది. ఆకు పచ్చగా ఉంది, బంతి బంతిలా ఉంది, చర్మం చర్మంలా ఉంది. తొమ్మిదేళ్లలో నేను మంగళస్నానం అంత బాగా ఇవ్వలేదు.

కంప్యూటర్ గురించి ఒక్క మాట. రిజాల్వ్ గ్రాఫిక్స్ కార్డు మీద ఎక్కువ ఆధారపడుతుంది. నాది 6 జీబీ కార్డు, 4కే ఫుటేజ్‌తో మెమరీ నిండిపోయేది. రాత్రి ప్రాక్సీలు, అంటే ఫుటేజ్‌కి తేలికైన చిన్న కాపీలు, తయారవడానికి పెట్టి పడుకుని, పొద్దున వాటి మీద కట్ చేస్తున్నాను. విండోస్‌లో, రంగుల వివరం ఎక్కువగా ఉండే 10 బిట్ 4:2:2 హెచ్.264, హెచ్.265 కెమెరా ఫుటేజ్ కోసం, చీకట్లో తీసిన వాటిలో చుక్కలు తగ్గించే నాయిస్ రిడక్షన్ కోసం స్టూడియో వెర్షన్ కావాలి. నెలాఖరుకి అది కొన్నాను.

శ్రావణంలో మొదటి పెళ్లి గాజువాకలో. వీడియో రెండు గంటల నలభై నిమిషాలు వచ్చింది. ముక్కలు చేయకుండా ఒకే టైమ్‌లైన్‌గా రాత్రి పదకొండింటికి రెండర్ పెట్టాను. పడుకోమని మావారు చెప్పినా కుర్చీలోంచి లేవలేదు. 88, 89, 90. తర్వాత 91. మొత్తం అయ్యాక మొదటి నుంచి జీలకర్ర బెల్లం దాకా, మధ్యలో అక్కడక్కడ, చివర అప్పగింతలు చూశాను. ఆరింటికి అన్నయ్యకు ఫోన్ చేసి, పెన్‌డ్రైవ్ తీసుకెళ్లడానికి కుర్రాణ్ణి పంపమన్నాను.