అమ్మోనియా 2 నుంచి సున్నాకి: బెంగళూరు సంపు నీళ్లతో నా అక్వేరియం అనుభవం

వైట్‌ఫీల్డ్ వైపు అపార్ట్‌మెంట్లలో కుళాయి తిప్పితే వచ్చేది ఒకే రకం నీళ్లు కాదు. బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు, లైన్ ఉన్నచోట కావేరి నీళ్లు, అన్నీ ఒకే సంపులో పడతాయి. ఏ రోజు ఏది ఎంత పడిందో వాచ్‌మన్‌ని అడిగితే తప్ప తెలియదు. మనకి స్నానానికి ఆ తేడా పట్టదు. చేపల తొట్టిలో మాత్రం ఆ తేడానే ప్రాణం మీదికి తెస్తుంది. చేపలకంటే ముందు ఫిల్టర్లో ఉండే బ్యాక్టీరియా పోతుంది, ఆ తర్వాత చేపల వంతు వస్తుంది. నా ట్యాంకులో చేపలు వదిలే అమ్మోనియా 2 పీపీఎంకి (1 పీపీఎం అంటే లీటరుకి ఒక మిల్లీగ్రాము) ఎక్కిన రోజు నుంచి, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించేదాకా 26 రోజులు పట్టింది. ఆ రోజుల్లో ఏం కొలిచానో, ఏ మోతాదు వేశానో, ఎందుకు వేశానో రాస్తున్నాను.

ముందు ట్యాంకు కొలత. పొడవు 3 అడుగులు, వెడల్పు అడుగుంబావు, ఎత్తు అడుగున్నర. లెక్కకి 159 లీటర్లు వస్తుంది. గ్రావెల్ (అడుగున పరిచే గులకరాళ్లు), పెద్ద రాళ్లు, పైన వదిలిన ఖాళీ తీసేస్తే అసలు నీళ్లు 130 లీటర్లు. మందు వేసినా, ఉప్పు వేసినా, నీళ్లు మార్చినా ఈ 130 మీదే లెక్క కట్టాలి. షాపువాళ్లు చెప్పే 159 మీద కడితే ప్రతి మోతాదూ ఎక్కువే పడుతుంది. అందులో 14 మోలీ చేపలు, ఒక టాప్ ఫిల్టర్, అందులో స్పాంజ్, సిరామిక్ రింగ్స్.

తప్పు జరిగింది ఫిల్టర్ కడగడంలో. స్పాంజ్‌నీ రింగ్స్‌నీ ఒకేసారి తీసి, కుళాయి కింద పెట్టి, తెల్లగా అయ్యేదాకా కడిగాను. ఆ రోజు సంపులో ఉన్నవి బ్లీచింగ్ పౌడర్ గట్టిగా వేసిన ట్యాంకర్ నీళ్లు. క్లోరిన్ కొలిచే చుక్కల మందు ఉంటుంది, ఈత కొలనుల దగ్గర వాడేది. గాజు గొట్టంలో నీళ్లు పట్టి ఆ మందు వేస్తే, క్లోరిన్ ఉన్నకొద్దీ పసుపు ముదురుతుంది. తర్వాత చూస్తే 2 పీపీఎం గీత దగ్గర నిలబడింది. స్పాంజ్‌కి పట్టిన గోధుమరంగు మడ్డి చూడ్డానికి మురికే, కానీ చేపలు వదిలే అమ్మోనియాని నైట్రైట్‌గా, నైట్రైట్‌ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా కాపురం ఉండేది అందులోనే. సగం మడ్డి కడుగుడులో పోయింది, మిగిలినదాన్ని క్లోరిన్ చంపింది.

కడిగిన మూడో రోజు సాయంత్రానికి నీళ్లు పాలు కలిపినట్టు తెల్లబడ్డాయి. మోలీలు నీటి పైపొరకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. టెస్ట్ కిట్‌తో చూస్తే అమ్మోనియా 2, నైట్రైట్ 0.25, నైట్రేట్ 40, పీహెచ్ 8.0, ఉష్ణోగ్రత 26 డిగ్రీలు. ఇక్కడి నుంచి చెప్పే రోజులన్నీ ఈ రోజు మొదలు లెక్క.

ఈ అంకెల్లో అమ్మోనియానీ పీహెచ్‌నీ కలిపి చదవాలి. కిట్ చూపించేది మొత్తం అమ్మోనియా. అందులో విషపు భాగం పీహెచ్‌ని బట్టి మారుతుంది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే విషరూపంలో ఉండేది 0.6 శాతం లోపే. పీహెచ్ 8 అయితే 5.4 శాతం. అంటే తొమ్మిది రెట్లు. నా ట్యాంకులో 2 పీపీఎంలో దాదాపు 0.11 పీపీఎం విషరూపంలో ఉంది. 0.05 దాటితే చాలు, మొప్పలు దెబ్బతింటాయి కాబట్టి ఆగే ప్రసక్తే లేదు. ఇదే లెక్క తిరగేసి చూస్తే ఇంకో ప్రమాదం కనపడుతుంది. నెలల తరబడి నీళ్లు మార్చని పాత ట్యాంకులో పీహెచ్ 6.5కి జారి, అమ్మోనియా చాలా ఉన్నా చేపలు బతుకుతుంటాయి. జాలిపడి ఒకేసారి సగం నీళ్లు తీసి పీహెచ్ 8 ఉన్న బోరు నీళ్లు పోస్తే, ట్యాంకులో మిగిలిన అమ్మోనియాలో విషపు భాగం ఒక్కసారిగా పెరిగిపోతుంది. అలాంటి ట్యాంకులో రోజుకి 10 శాతం చొప్పునే మార్చాలి. నా ట్యాంకు పీహెచ్, సంపు నీళ్ల పీహెచ్ రెండూ 8 దగ్గరే ఉన్నాయి కాబట్టి ధైర్యంగా సగం తీశాను.

65 లీటర్లు సైఫన్ పైపుతో, గ్రావెల్ పైపైన తడుముతూ బయటికి పంపాను. గ్రావెల్‌ని అడుగుదాకా కెలకలేదు, మిగిలిన బ్యాక్టీరియా ఉన్నది అక్కడే. పోసే నీళ్లని 80 లీటర్ల నీలం డ్రమ్ములో తయారుచేశాను. యాంటీ క్లోరిన్ పేరుతో అమ్మే స్ఫటికాలు సోడియం థయోసల్ఫేట్. 10 గ్రాములు తూచి 100 మి.లీ. నీళ్లలో కరిగిస్తే ఒక్కో మి.లీ.లో 100 మిల్లీగ్రాములు ఉంటుంది. 1 పీపీఎం క్లోరిన్‌కి లీటరుకి 7 మిల్లీగ్రాములు చొప్పున వేస్తే సరిపోతుంది. మామూలు రోజుల్లో 10 లీటర్లకి 1 మి.లీ., బ్లీచింగ్ వాసన వచ్చే ట్యాంకర్ నీళ్లకి 10 లీటర్లకి 2 మి.లీ. వేస్తాను. కొంచెం ఎక్కువైనా ఇబ్బంది లేదు, తక్కువైతే మాత్రం ఫిల్టర్ మళ్లీ చస్తుంది. మందు వేసి కలిపాక పసుపు రంగు పరీక్ష మళ్లీ చేసి, రంగు రాలేదని చూసుకున్నాకే పోయాలి. కరిగించిన మందుని ముదురు రంగు సీసాలో పెట్టి నెల దాటితే పారబోస్తాను.

బోరు నీళ్లకి క్లోరిన్ ఉండదు, ఇంకో గుణం ఉంటుంది. భూమిలోంచి వచ్చేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ, ఆక్సిజన్ తక్కువ. పట్టగానే కొలిస్తే పీహెచ్ 7.2 చూపించిన నీళ్లే ఎయిర్ స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి) పెట్టి 24 గంటలు ఆడించాక 8.0 చూపించాయి. అందుకే డ్రమ్ములో గాలి ఆడని బోరు నీటి పీహెచ్‌ని నమ్మకూడదు. మొదటి రోజు అంత టైమ్ లేక గంటసేపు రెండు ఎయిర్ స్టోన్లతో ఆడించి పోశాను. రెండో రోజు నుంచి రేపటి నీళ్లు ఈ రోజే డ్రమ్ములో పడేవి.

నీళ్లు ఏ కుళాయి నుంచి పట్టాలన్నది కూడా ముఖ్యమే. చాలా అపార్ట్‌మెంట్లలో సాఫ్ట్‌నర్ ప్లాంట్ ఉంటుంది. అది కాల్షియం, మెగ్నీషియం తీసేసి బదులుగా సోడియం పెడుతుంది. నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి చూపించే టీడీఎస్ మీటర్‌కి ఈ తేడా దాదాపు తెలియదు. మా దగ్గర సాఫ్ట్‌నర్‌కి ముందు, తర్వాత రెండుచోట్లా 620 దరిదాపుల్లోనే చూపించింది. చుక్కల పరీక్షలో మాత్రం జీహెచ్ (కాల్షియం, మెగ్నీషియం కొలత) 22 నుంచి 2కి పడింది, కేహెచ్ (పీహెచ్ పడిపోకుండా ఆపే క్షారం కొలత) రెండుచోట్లా 16. కాల్షియం లేని నీళ్లలో మోలీలు నీరసించి రెక్కలు ముడుచుకుని ఊగుతాయి. అందుకని సాఫ్ట్‌నర్‌తో సంబంధం లేని తోట కుళాయి నుంచే పడతాను. అక్వేరియం కోసం టీడీఎస్ మీటర్ ఒక్కటి కొని ఊరుకుంటే నష్టమే. ముందు జీహెచ్, కేహెచ్ చుక్కల కిట్ కొనండి.

వంటింటి ఆర్వో నీళ్లతో మొత్తం ట్యాంకు నింపడం కూడా పనికిరాదు. వాటిలో కేహెచ్ దాదాపు ఉండదు. 1 మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్‌ని మార్చడానికి బ్యాక్టీరియా 7 మిల్లీగ్రాముల పైచిలుకు క్షారాన్ని ఖర్చు చేస్తుంది. కేహెచ్ అయిపోగానే పీహెచ్ పడిపోతుంది, పీహెచ్ 6 దగ్గరికి వస్తే బ్యాక్టీరియా పని దాదాపు ఆగిపోతుంది.

మేత ఐదు రోజులు పూర్తిగా ఆపేశాను. ఇంట్లోవాళ్లకి ఇది కష్టంగా ఉంటుంది, చేపలు అద్దం దగ్గరికొచ్చి అడుగుతుంటాయి. కానీ లెక్క చూడండి: 40 శాతం ప్రోటీన్ ఉన్న మేత ఒక గ్రాములో నైట్రోజన్ 64 మిల్లీగ్రాములు. అందులో సగం అమ్మోనియాగా బయటికి వస్తే, 130 లీటర్లలో పావు పీపీఎం. ఫిల్టర్ పనిచేయని ట్యాంకులో ఆ పావు పీపీఎం రోజూ పేరుకుంటుంది. పెద్ద చేపలు ఐదు రోజులు తినకపోయినా తట్టుకుంటాయి.

రెండో రోజు అదే బ్లాకులో ఆరోగ్యంగా ఉన్న ఇంకో ట్యాంకు నుంచి వాడిన స్పాంజ్ ముక్క తెచ్చాను. పిండితే ముదురు డికాక్షన్ రంగు మడ్డి దిగాలి, అదే మంచి స్పాంజ్. తడి ఆరకుండా, ఆ ట్యాంకు నీళ్లలోనే ముంచి తెచ్చి నా ఫిల్టర్లో రింగ్స్ పైన పెట్టాను. ఈ ఒక్క పని వల్ల కనీసం పది రోజులు కలిసొచ్చింది. చేపలకి జబ్బు ఉన్న ట్యాంకు నుంచి మాత్రం ఎప్పుడూ తేవద్దు.

మొదటి రోజు 65 లీటర్ల తర్వాత, ఐదో రోజుదాకా రోజూ 50 లీటర్లు మార్చాను. మొదటి రెండు రోజుల్లో రెండు మోలీలు పోయాయి. ఐదో రోజుకి అమ్మోనియా 0.5. ఆరో రోజు నుంచి రోజు విడిచి రోజు చిటికెడు మేత. తెల్లదనం ఏడో రోజుకి దానంతటదే విడిపోయింది. అది నీళ్లలో తేలే వేరే బ్యాక్టీరియా, మిగిలిపోయిన మేత, మడ్డి తిని పెరిగేది. దాన్ని పోగొట్టడానికి నీళ్లు తేటపరిచే మందు పోసినా, ట్యాంకు మొత్తం ఖాళీ చేసి కడిగినా అసలు జబ్బు అలాగే ఉంటుంది. మిథిలీన్ బ్లూ అయితే కోలుకుంటున్న ఫిల్టర్‌ని మళ్లీ దెబ్బతీస్తుంది.

పన్నెండో రోజు అమ్మోనియా సున్నా. చాలామంది ఇక్కడే గట్టెక్కామనుకుంటారు. అదే రోజు నైట్రైట్ 2 ఉంది. రెండో రకం బ్యాక్టీరియా నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి మధ్యలో నైట్రైట్ పేరుకుంటుంది. అది మొప్పల్లోంచి రక్తంలోకి వెళ్లి, ఆక్సిజన్ మోసే శక్తిని పోగొడుతుంది. మొప్పలు ఎర్రగా కాకుండా గోధుమరంగులోకి తిరుగుతాయి. దీనికి విరుగుడు మామూలు ఉప్పులోని క్లోరైడ్. మొప్పల దగ్గర నైట్రైట్‌తో పోటీపడి దాన్ని లోపలికి రానివ్వదు. 10 లీటర్లకి 1 గ్రాము చొప్పున 13 గ్రాముల కల్లుప్పు తూచి, మగ్గు నీళ్లలో కరిగించి వేశాను. అప్పుడు లీటరుకి 60 మిల్లీగ్రాముల క్లోరైడ్ వస్తుంది. ఉప్పు ఆవిరైపోదు. 50 లీటర్లు మార్చిన రోజు 5 గ్రాములే తిరిగి వేయాలి, ప్రతిసారీ 13 వేస్తే పోగుపడుతుంది. ఇరవై రెండో రోజుకి నైట్రైట్ 0.5, ఇరవై ఆరో రోజుకి సున్నా.

నైట్రేట్ దగ్గర ఒక మాట. ఆ కిట్‌లో రెండో సీసాని 30 సెకన్లు గట్టిగా కుదపాలి, చుక్కలు వేశాక గొట్టాన్ని నిమిషంపాటు ఊపాలి. మందు అడుగున పేరుకుని ఉంటుంది, కుదపకపోతే నైట్రేట్ ఉన్నా సున్నా అని చూపిస్తుంది. సరిగ్గా చేశాక ట్యాంకులో 40, తోట కుళాయి నీళ్లలోనే 30 వచ్చింది. కుళాయిలోనే 30 ఉంటే ఎన్ని నీళ్లు మార్చినా అంతకన్నా దిగదు. మనీ ప్లాంట్ కొమ్మలు ఎనిమిది తెచ్చి, ఆకులు బయట, వేళ్లు నీళ్లలో ఉండేలా ట్యాంకు అంచున కట్టాను. వేళ్లు బాగా దిగిన నెలన్నరకి ట్యాంకు నైట్రేట్ 20 దగ్గర నిలబడింది.

ఇప్పుడు వారానికి 32 లీటర్లు మారుస్తాను. స్పాంజ్‌ని తీసేసిన ట్యాంకు నీళ్లలోనే, బకెట్లో రెండుసార్లు పిండి పెట్టేస్తాను. రింగ్స్‌ని అదే వారం ముట్టుకోను. ట్యాంకర్ వచ్చిన రోజు డ్రమ్ములో క్లోరిన్, పీహెచ్, కేహెచ్ మూడూ చూస్తాను. కరెంటు పోతే బ్యాటరీ ఎయిర్ పంప్ ఆన్ చేస్తాను. క్యానిస్టర్ ఫిల్టర్ ఉన్నవాళ్లు, మూడు గంటలు మించి ఆగితే, కరెంటు రాగానే అలాగే నడవనివ్వకండి. మూతవేసి ఉన్న డబ్బాలో ఆక్సిజన్ అయిపోయి కుళ్లు మొదలై ఉంటుంది. ముందు ప్లగ్ తీసి, లోపలి నీళ్లు పారబోసి, ట్యాంకు నీళ్లతో లోపలి స్పాంజ్, రింగ్స్‌ని ఒకసారి తొలిచి, అప్పుడు తిరిగి నడపండి.