శ్యాంబజార్ నుంచి ఐదో నంబరు ట్రాములో

కోల్‌కతాలోని శ్యాంబజార్ ఐదు రోడ్ల కూడలికి పొద్దున్న ఏడింటికల్లా చేరాను. మధ్యలో గుర్రం మీద నేతాజీ విగ్రహం, చుట్టూ బస్సుల హారన్లు. ట్రాం జాడ మాత్రం లేదు. నలభై నిమిషాలు పట్టాల వంకే చూస్తూ నిలబడ్డాను. మట్టి ముంతలో టీ పోసిచ్చిన పెద్దాయన నా టెన్షన్ కనిపెట్టి "ఆశ్‌బే, ఆశ్‌బే" అన్నాడు. వస్తుందట.

సికింద్రాబాద్‌లో ఫలక్‌నుమా ఎక్కి కోల్‌కతా వచ్చిందే దీనికోసం. 2024 సెప్టెంబరులో అక్కడి ప్రభుత్వం, మైదాన్-ఎస్ప్లనేడ్ మధ్య ఒక్క ముక్క గుర్తుగా ఉంచి మిగతా ట్రాములన్నీ ఆపేస్తామని ప్రకటించింది. అప్పటికి వ్యవహారం హైకోర్టులో ఉంది. ఆ చలికాలం నేను వెళ్ళేసరికి రోజూ జనాన్ని మోస్తున్నవి రెండే రూట్లు. శ్యాంబజార్ నుంచి ఎస్ప్లనేడ్‌కి 5, గడియాహాట్ నుంచి ఎస్ప్లనేడ్‌కి 25. 2011లో 30కి పైగా రూట్లు ఉండేవి. ఇంకో ఏడాది ఆగితే ఈ రెండూ ఉంటాయో లేదోనని సెలవు పెట్టి బయల్దేరాను.

చివరికి వచ్చింది. ఒకటే పెట్టె, పైన కరెంటు తీగకు ఆనుకుని పొడవాటి గెడ. ఎక్కగానే డ్రైవర్ వెనక సీటు పట్టుకున్నాను. ఆయన ఎడమచేతిలో వేగాన్ని అదుపు చేసే కంట్రోలర్ పిడి. ఎన్ని చేతులు పట్టి తిప్పాయో, ఇత్తడి నున్నగా అరిగిపోయి మెరుస్తోంది. కాలికింద గంట. ముందు రిక్షా అడ్డొచ్చినా, స్కూటర్ అడ్డొచ్చినా ఆ మడమ ఒక్కసారి నొక్కుతుంది, టంగ్ టంగ్‌మని మోగుతుంది. కండక్టర్ పల్చటి కాగితం టికెట్ చింపి ఇచ్చాడు. టీ కన్నా ప్రయాణమే చవక అనిపించే ఊరు ఇంకెక్కడుంది?

హాతీబగాన్ దాటి బిధాన్ సరణిలో వెళ్తుంటే ఒక మలుపులో లోపల ఫ్యాన్లు ఆగిపోయాయి. గెడ తీగ మీంచి జారిపోయిందట. కండక్టర్ కంగారు పడలేదు. దిగి వెనక్కి వెళ్ళి, తాడు లాగి, తల పైకెత్తి చూస్తూ గెడ చివరి చక్రాన్ని మళ్ళీ తీగకు తగిలించాడు. చిన్న నీలిరంగు మెరుపు. ఫ్యాన్లు తిరిగాయి, ట్రాం కదిలింది. అంతా కలిపి నిమిషం కూడా పట్టలేదు. వెనక నిలిచిపోయిన కార్లవాళ్ళు ఆ నిమిషానికే హారన్లు మోగించారు.

ట్రాఫిక్‌కి ట్రామే అడ్డం అని కోల్‌కతాలో చాలామంది అంటారు. నేను చూసింది వేరు. ఒకప్పుడు చాలా చోట్ల పట్టాలకు రోడ్డు మధ్యలో విడిగా దారి ఉండేది. తర్వాత ఆ దారుల్ని రోడ్డులో కలిపేశారు. ఇప్పుడు పట్టాల మీద ఆటోలు ఆగుతాయి, బస్సులు నిలబడతాయి, ట్రాం వాటి వెనక పడిగాపులు కాస్తుంది. కాలేజ్ స్ట్రీట్‌లో ఒక ముసలామె పుస్తకాల సంచీతో దిగడానికి లేచింది. స్టాపు రోడ్డు అంచున లేదు, నడిరోడ్డు మీదే ఉంది. కండక్టర్ ముందు దిగి, వచ్చే బండ్లకు చెయ్యి అడ్డం పెట్టి, "నెమ్మదిగా మాషీమా (పిన్నిగారూ)" అన్నట్టుగా ఏదో చెప్పి ఆమెను పుస్తకాల అంగళ్ళ వైపు దాటించాడు. ఇలా దిగాల్సి వస్తే వయసు మళ్ళినవాళ్ళు ట్రాం ఎందుకెక్కుతారు? జనం ఎక్కడం లేదని లెక్క చూపించే ముందు ఈ సంగతి చూడాలి కదా.

ఈ ఊళ్ళో ట్రాం మొదలైంది 1873 ఫిబ్రవరి 24న, సియాల్దా నుంచి ఆర్మేనియన్ ఘాట్‌కి, గుర్రాలతో. ఆ ఏడు నవంబరులోనే మూసేశారు. 1880లో లండన్‌లో కొత్త కంపెనీ పుట్టి మళ్ళీ పట్టాలు వేసింది. మధ్యలో ఆవిరి ఇంజన్లు కూడా ప్రయత్నించారు. కరెంటు ట్రాం 1902 మార్చి 27న వచ్చింది, ఎస్ప్లనేడ్ నుంచి ఖిదిర్‌పూర్‌కి.

కరెంటు ట్రాముల్లో మాత్రం మద్రాసే దేశంలో మొదటిది, 1895లో. మా తాతయ్య చదువుకునే రోజుల్లో మద్రాసులోని ప్యారీస్ కార్నర్‌కి ట్రాములోనే వెళ్ళేవాడు. 1953 ఏప్రిల్లో మద్రాసు ట్రాములు ఆగిపోయాయి, అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. మనవాళ్ళు మద్రాసు వదిలి వచ్చిన ఏడాదే ఆ ఊరు ట్రాంనీ వదిలేసుకుంది. అదే 1953లో కలకత్తా జనం సెకండ్ క్లాస్ చార్జీ ఒక్క పైసా పెంచినందుకు వీధుల్లోకొచ్చి, ట్రాములు తగలబెట్టి, సమ్మెలు చేసి, పెంపు వెనక్కి తీసుకునేదాకా వదల్లేదు. బొంబాయిలో 1964లో ఆగిపోయాయి. ఇక దేశం మొత్తానికి మిగిలింది ఈ ఊరే.

ఎస్ప్లనేడ్ డిపోలో 1938 నాటి ట్రాం పెట్టెనే చిన్న మ్యూజియంగా మార్చి 'స్మరణిక' అని పేరు పెట్టారు. పాత టికెట్లు, కండక్టర్ల టోపీలు, బ్యాడ్జీలు చూశాను. పక్కన బండి నడుస్తుండగానే జ్ఞాపకాల గది కట్టేశారేమిటని బాధేసింది.

అక్కడినుంచి మైదాన్ వైపు నడిచాను. అదే 1902 నాటి ఖిదిర్‌పూర్ లైను. 2020 మేలో అంఫాన్ తుఫానుకి చెట్లు కూలి తీగలు తెగాయి. ఖిదిర్‌పూర్‌కి ట్రాం మళ్ళీ వెళ్ళలేదు. ఈ ఊళ్ళోనే ఉన్న డల్హౌసీ స్క్వేర్ వైపు లైను మెట్రో పనులకని ఆగింది, అదీ అంతే. ప్రతిసారీ "తాత్కాలికం" అనే మాటే. గడ్డిలో వంగి పట్టా మీద చెయ్యి పెట్టాను. వేళ్ళకు ఎర్రటి తుప్పు అంటుకుంది.

మధ్యాహ్నం తిరిగి ఎస్ప్లనేడ్ వచ్చేసరికి 25 సిద్ధంగా ఉంది. బండి ముందున్న పట్టాలు రోజూ చక్రాలు దొర్లి దొర్లి అద్దంలా ఉన్నాయి, ఎండ పడి కళ్ళు చెదిరాయి. ఒకాయన పొడవాటి ఇనప కడ్డీతో పట్టాలు రెండుగా చీలే చోట పట్టాను ఇటు నుంచి అటు నెట్టి, డ్రైవర్‌కి చెయ్యి ఊపాడు. ఎక్కి గడియాహాట్‌కి టికెట్ అడిగాను.