దారి ఉంది, పేరే దొరకలేదు

అవతలి కంప్యూటర్ పలుకుతోందో లేదో చూద్దామని దాని నంబరుకి పింగ్ కొడితే జవాబు వస్తోంది. 12 మిల్లీసెకన్లు, పంపిన ప్యాకెట్లలో, అంటే డేటా ముక్కల్లో, ఒక్కటి కూడా దారిలో తప్పిపోలేదు. కానీ బ్రౌజర్‌లో ఏ సైటూ తెరుచుకోదు!

అరగంట టెన్షన్ పడి, రౌటర్‌ని రెండుసార్లు ఆపి ఆన్ చేశాక అర్థమైంది. దారి బాగానే ఉంది. సైటు పేరు అడిగితే దాని నంబరు చెప్పే డీఎన్ఎస్ సర్వరే పలకడం లేదు. సెట్టింగ్స్‌లో వేరేది పెట్టగానే అన్నీ ఒక్కసారిగా వచ్చేశాయి.

అప్పటినుంచీ దాని గురించే ఆలోచిస్తున్నాను. మనం టైప్ చేసే పేరుతో ప్యాకెట్ కదలదు, దానికి ఐపీ అడ్రస్ అనే నంబరు కావాలి. ఆ నంబరు కోసం మన తరఫున వెతికిపెట్టే డీఎన్ఎస్ సర్వర్, అంటే రిజాల్వర్, ముందు అన్నిటికన్నా పైనుండే రూట్ సర్వర్‌ని అడుగుతుంది. అది నంబరు చెప్పదు, డాట్ కామ్ సర్వర్లని అడగమంటుంది. అవి ఆ సైటు పేర్లు చూసుకునే సర్వర్ దగ్గరికి పంపుతాయి. అసలు నంబరు అక్కడ దొరుకుతుంది. ఇదంతా రెప్పపాటులో. మొత్తం జాబితా ఎవరి దగ్గరా లేదు, నాకు అన్నిటికన్నా నచ్చేది అదే.

ఒకప్పుడు ఉండేది. ఇంటర్నెట్‌కి ముందున్న ఆర్పానెట్ అనే నెట్‌వర్క్ రోజుల్లో పేర్లన్నీ ఒకే ఫైల్లో ఉండేవి. ఎలిజబెత్ ఫైన్‌లర్ బృందం దాన్ని చూసుకునేది. కొత్త కంప్యూటర్ చేరితే వాళ్లకి చెప్పాలి, మిగతావాళ్లు ఆ ఫైల్ మళ్లీ దించుకోవాలి. నెట్‌వర్క్ పెరిగేకొద్దీ అది కుదరలేదు. 1983లో పాల్ మొకాపెట్రిస్ డీఎన్ఎస్‌ని రూపొందించి ఆ పనిని అందరికీ పంచేశాడు. ఎంత గొప్ప ఆలోచన!

రెండో డీఎన్ఎస్ కూడా ఇప్పుడే రాసి పెట్టాను. ఈసారి సైట్లు ఆగితే రౌటర్ జోలికి పోను, ముందు నంబరుతో పింగ్ కొట్టి చూస్తాను.