పెద్దకూర తినే ఇంట్లో జీవకారుణ్యం

ఆదివారం రాత్రి, కాజీపేట

మా అన్న బిడ్డ హైదరాబాద్ నుంచి వచ్చింది. మాంసం మానేసి చాన్నాళ్ళయింది, ఇప్పుడు పాలు, పెరుగు కూడా ముట్టడం లేదు. మా అమ్మకు ఇది మింగుడు పడట్లేదు. ఆరాధన అయ్యాక ఇంట్లో కూర ఉడకకపోతే ఆమె లెక్కలో అది ఆదివారమే కాదు. అందుకని చర్చి నుంచి వస్తూ కోడి తెచ్చాను. పిల్లకు పచ్చిపులుసు, బెండకాయ వేపుడు. కంచాల ముందు కూర్చున్నామో లేదో మొదలైంది.

మా ఇంట్లో వాదాలన్నీ వాక్యాలతోనే. అమ్మ అక్షరాలు నేర్చిందే బైబిలు మీద.

"దేవుడు పేతురుకు దర్శనంల జంతువులున్న దుప్పటి దించి, చంపుకొని తినుమన్నడా లేదా?"

"అది తిండి ముచ్చట కాదు నానమ్మా, యూదులు కాని అన్యజనుల ముచ్చట. ఆదికాండం మొదటి అధ్యాయం చూడు. మనిషికి ఇచ్చింది గింజలు, పండ్లే. మాంసం జలప్రళయం అయినంకనే."

"తొమ్మిదో అధ్యాయం గూడ దేవుని మాటనే గద బిడ్డా."

ఇద్దరిదీ నిజమే. తొమ్మిదో అధ్యాయంలో మాంసానికి సెలవుంది, రక్తంతో తినొద్దన్న షరతూ ఉంది. ఆ వెంటనే దేవుడు చేసిన నిబంధన, అంటే ఒడంబడిక, నోవహు కుటుంబంతోనే కాదు, ఓడ దిగిన పశుపక్ష్యాదులన్నిటితో. ఈ చివరి సంగతి మా ఫాదర్లూ పాస్టర్లూ ఎవరూ చెప్పగా వినలేదు. ఆ నిబంధనకు గుర్తైన ఇంద్రధనుస్సు దగ్గరే ఆగిపోతారు.

పిల్ల అంతటితో ఆగలేదు. పీటర్ సింగర్ అనే తత్వవేత్త 1975లోనే రాశాడని, నొప్పి ఎవరిదైనా నొప్పేనని, మనిషి కాబట్టి ఎక్కువ, కోడి కాబట్టి తక్కువ అనడం మన దగ్గర కులం చూసి మనిషిని కొలవడం లాంటిదేనని చెప్పుకొచ్చింది. కులం అనేసరికి అమ్మ చెయ్యి కంచంలోనే ఆగింది.

"మన ఇంటి దిక్కు చూసి ముక్కు మూసుకున్నోళ్ళు గూడ గిదే అన్నరు బిడ్డా. జీవహింస అని."

ఇక ఎవరం మాట్లాడలేదు. మాది పెద్దకూర, అంటే గొడ్డు మాంసం, తిన్న ఇల్లు. తిన్నందుకే ఊరవతల ఉంచారు, ఊరవతల ఉంచారు కాబట్టే చచ్చిన పశువును మోసుకుపోయే పని మా తాతలకు వచ్చింది. మా దగ్గర జీవకారుణ్యం అన్న మాట వినిపిస్తే ముందు ఎవరు అంటున్నారో చూస్తారు, తర్వాతే ఏమంటున్నారో వింటారు. తెలంగాణ పల్లెల్లో క్రైస్తవులు జంతువుల సంగతి ఎత్తకపోవడానికి బైబిలు కారణం కాదు, ఇది కారణం. గొడ్డును పూజించి, దాని తోలు తీసేవాణ్ణి తాకనివాడు నేర్పే దయ మాకు ఎక్కలేదు. ఎక్కదు కూడా.

చేతులు కడుక్కున్నాక అమ్మ తనంతట తనే మళ్ళీ మొదలుపెట్టింది. వాళ్ళ బాపు పరకాల దిక్కు ఒక దొర దగ్గర జీతం ఉన్నాడు. కల్లంలో బంతి తిప్పేటప్పుడు ఎడ్లు వడ్లకు నోరు పెట్టకుండా తాడుతో అల్లిన చిక్కాలు మూతికి కట్టేవాళ్ళట. సాయంత్రం విప్పితే ముక్కు మీద తాడు అచ్చులు పడి, చొంగతో తడిసి ఉండేవట. చిన్నపిల్లగా ఉన్న అమ్మ తడిగుడ్డతో తుడిచేదట.

"నూర్చెడి ఎద్దుకు చిక్కం ఎయ్యద్దని వాక్యంల ఉన్నది. సదివినప్పుడల్లా నవ్వొస్తది నాకు. మా బాపు మూతికేసిన చిక్కం ఎవలు ఇప్పిండ్రు? ఎడ్లకు యాళ్ళకు కుడితి వెట్టేది. మా బాపు పొద్దుగూకినంక ఇంత అంబలి తాగేది."

నాకు మొదటి కొరింథీ తొమ్మిదో అధ్యాయం ఎప్పుడూ ముల్లులా గుచ్చుకునేది. ద్వితీయోపదేశకాండంలోని ఈ చిక్కం మాటనే తీసుకుని, దేవుడికి ఎడ్ల మీదా చింత? మనకోసం కాదా చెప్పింది? అంటాడు ఆ ఉత్తరం రాసిన పౌలు. ఎద్దును పక్కకు నెట్టేసినట్టు ఉంటుంది. అమ్మ మాటల తర్వాత చూస్తే పౌలు అడిగేది కూలి. పని చేసే నోటికి తిండి అడ్డుపెట్టొద్దన్నది ఎద్దు దగ్గర మొదలై జీతగాడి దాకా వస్తే, అది ఎద్దును తీసెయ్యడం ఎట్లా అవుతుంది? మార్కు ఐదో అధ్యాయంలో, యేసు సెలవిచ్చాక దయ్యాలు చొరబడి నీళ్ళలో పడి చచ్చిన రెండు వేల పందులు మాత్రం అట్లాగే ఉన్నాయి. ప్రాచీన క్రైస్తవ వేదాంతి అగస్టీను వాటినే చూపించి, జంతువుల పట్ల మనకు బాధ్యతేమీ లేదని వాదించాడు. ఆ పందులను సాఫీగా దాటించే ప్రసంగాలను నేను నమ్మను.

మధ్యాహ్నం పిల్లకు ఆర్థర్ బ్రూమ్ సంగతి చెప్పాను. లండన్‌లో ఆంగ్లికన్, అంటే ఇంగ్లండ్ చర్చి, ఫాదర్. 1824లో ఒక కాఫీ హౌస్‌లో కొందరిని కూర్చోబెట్టి జంతుహింస నివారణ సంఘం పెట్టాడు. ఇప్పుడు ఆర్‌ఎస్‌పీసీఏ అంటున్నది అదే. సంఘం అప్పులకు ఆయనే జైల్లో కూర్చున్నాడు. బానిసల వ్యాపారం మీద పార్లమెంటులో ఏళ్ళ తరబడి కొట్లాడిన విల్బర్‌ఫోర్స్ కూడా ఆ కాఫీ హౌస్‌లో ఉన్నాడు. మనిషి మీద కొరడానూ గుర్రం మీద కొరడానూ ఆపాలనుకున్నది ఒకే గుంపు. ఇక్కడ మనకు దొరకనిది ఆ గుంపే.

"వాళ్ళు మంచోళ్ళన్నట్టేనా కాకా?" అంది. పూర్తిగా కాదు. తొలిరోజుల్లో కేసులు ఎక్కువగా బండ్లు తోలేవాళ్ళ మీద, పశువుల బజారులో పేదల మీద పడ్డాయి. నక్కల వేటకు పోయే దొరల జోలికి ఎవరూ పోలేదు. ఆ దేశంలోనూ దొరలే.

మన దేశపు జంతుహింస నివారణ చట్టం 1960 నాటిది. జంతువును బాధపడేలా మోసుకుపోవడం నేరమే అంటుంది. మొదటి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఆ డబ్బుతో అరకిలో కోడి కూడా రాదు.

పొద్దున కోడి తెచ్చిన షాపు ముందర ఇద్దరు కుర్రాళ్ళు టీవీఎస్ బండి మీద బాయిలర్ కోళ్ళు దింపుతున్నారు. హ్యాండిల్‌కు రెండు వైపులా కాళ్ళు కట్టి తలకిందులుగా గుత్తులు. కిందనున్న కోడి తల ముందు చక్రానికి జానెడు దూరంలో ఊగుతోంది. నోరు తెరిచి రొప్పుతోంది, కంటిపొర మూసి తెరుస్తోంది. కుర్రాడికి కోపమూ లేదు, క్రూరత్వమూ లేదు. ట్రిప్పుకు ఎన్ని పడతాయన్నదే లెక్క. నలభై రోజుల్లో రెండు కిలోలయ్యేలా పెంచిన పక్షి అది, దాని కాళ్ళు దాని బరువునే సరిగ్గా మొయ్యవు.

కోస్తే తప్పా కాదా అని మేం పగలంతా కొట్లాడాం. మోషే ధర్మశాస్త్రం మాత్రం బతికున్నప్పటి సంగతి కూడా మాట్లాడుతుంది. శత్రువు గాడిద బరువు కింద పడితే లేపు, విశ్రాంతి దినాన ఎద్దుకూ విశ్రాంతి, గూట్లో తల్లిపిట్టను పిల్లలతో కలిపి పట్టుకోకు. ఆంగ్లికన్ ఫాదరే అయిన ఆండ్రూ లిన్‌జీ, జంతువు హక్కంటే దాన్ని చేసినవాడి హక్కు అంటాడు. అది మా అమ్మకు కూడా అర్థమయ్యే మాట. ఎవడి సొమ్మో చేతికిస్తే ఎట్లా పట్టుకుంటామో ఆమెకు బాగా తెలుసు.

వచ్చే వారం చర్చిలో కోత పండుగ కమిటీ ఉంది. ఏటా గుమ్మడికాయలు, వడ్లతోపాటు కోళ్ళూ తెస్తారు. కాళ్ళు కట్టి బలిపీఠం మెట్ల దగ్గర పొద్దటి నుంచి వేలంపాట దాకా పడేస్తారు, గ్లాసుడు నీళ్ళు పోసే దిక్కుండదు. విందులో కూర తీసెయ్యమని నేను అడగను. అడిగితే మా వాడకట్టు పెద్దలు నన్ను ఏ పార్టీలో కలుపుతారో తెలుసు. కోళ్ళను గంపల కింద నీడన ఉంచాలి, నీళ్ళు పెట్టాలి, విందు కోళ్ళు తలకిందులుగా కాక డబ్బాల్లో రావాలి అని అడుగుతా. రవాణాకు ఎక్కువయ్యే డబ్బు గురించి కోశాధికారి గొణుగుతాడు. నాకు వత్తాసుగా అమ్మ కూడా వస్తానంది. చిక్కం ముచ్చట తనే చెప్తదట.