ఫిర్యాదు చేతికందిన మొదటి అరగంట

పోలీసు శాఖ విలువల గురించి స్టేషన్ గోడల మీద చాలా రాసి ఉంటుంది. అవి నిజంగా ఉన్నాయో లేదో తేలేది రిసెప్షన్ టేబుల్ దగ్గర, కాగితం పట్టుకుని ఒక మనిషి వచ్చి నిలబడ్డ అరగంటలో. కమాండ్ కంట్రోల్ సెంటర్లు, కొత్త బండ్లు, యాప్‌లు అన్నీ అవసరమే. కానీ కర్నూలు దగ్గరో కరీంనగర్ దగ్గరో ఊళ్లో ఉన్నవాళ్లకు పోలీసంటే రిసెప్షన్ కానిస్టేబుల్, లోపల స్టేషన్ కాగితాలు రాసే రైటర్, ఆ పైన ఎస్ఐ గారు. అందుకే ఆ అరగంట గురించే రాస్తున్నాను.

వచ్చినవాళ్లను ముందు కూర్చోమనాలి, "మీరు" అనాలి. రాయడం రానివాళ్లయితే వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాసి, చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. కాగితం తీసుకున్న తేదీ, టైము వేసి రసీదు ఇవ్వాలి. స్టేషన్ రోజువారీ రికార్డైన జనరల్ డైరీలో ఎంట్రీ పడాలి. అది కాగ్నిజబుల్ నేరమైతే, అంటే కోర్టు అనుమతి లేకుండానే పోలీసులు దర్యాప్తు చేయగలిగేదైతే, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 173 ప్రకారం కేసు కట్టాల్సిందే. 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఈ సంగతి తేల్చి చెప్పింది. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, జిరాక్స్ డబ్బులు కూడా అడక్కూడదు.

ఇదంతా తెలియని ఎస్ఐ ఉండడు. మరి ఎక్కడ చెడుతుంది?

మొదటిది, "ఎస్ఐ గారు బందోబస్తులో ఉన్నారు, సాయంత్రం రండి" అనే మాట. దీనికి చట్టంలో ఆధారమే లేదు. స్టేషన్ బాధ్యుడైన ఎస్‌హెచ్‌ఓ లేనప్పుడు స్టేషన్లో ఉన్నవాళ్లలో కానిస్టేబుల్ కంటే పై ర్యాంకులో, ఆయన తర్వాత సీనియర్ ఎవరైతే వాళ్లే ఇన్‌ఛార్జి. హెడ్ కానిస్టేబుల్ కేసు కట్టవచ్చు. కట్టకపోవడానికి అసలు కారణం ఎస్ఐ గారు వచ్చి "నన్నడక్కుండా ఎందుకు కట్టావ్" అంటారన్న భయం. ఆ భయం తీయాల్సింది ఎస్ఐనే. పొద్దున రోల్ కాల్‌లో డ్యూటీలు పంచేటప్పుడు, "నేను లేకపోతే ఈ రోజు ఇన్‌ఛార్జి ఫలానా వారు, ఫిర్యాదు వస్తే ఆగక్కర్లేదు" అని అందరి ముందు పేరు చెబితే చాలు.

రెండోది హద్దు గొడవ. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర వెటర్నరీ డాక్టర్ కనిపించని రాత్రి, కుటుంబాన్ని ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కు తిప్పారన్న ఆరోపణ మీద ముగ్గురు పోలీసులు సస్పెండ్ అయ్యారు. జీరో ఎఫ్ఐఆర్ గురించి మామూలు జనానికి తెలిసింది అప్పుడే. 2024 జులై 1 నుంచి అది చట్టంలోనే ఉంది. నేరం ఎక్కడ జరిగినా సమాచారం తీసుకోవాలి, తర్వాత సంబంధిత స్టేషన్‌కు పంపాలి. ఫోన్లోనో మెయిల్లోనో వచ్చిన సమాచారమైతే 3 రోజుల్లో సంతకం పెట్టించుకుని రికార్డులోకి ఎక్కించాలి. స్త్రీల మీద జరిగే కొన్ని తీవ్ర నేరాల్లో సమాచారం రాసుకోని అధికారికి, ఐపీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్ 199 కింద కనీసం 6 నెలల కఠిన జైలు శిక్ష ఉంది.

మూడోది అన్నిటికంటే లోతైనది. బస్టాపులో ఫోను కొట్టేశారని ఒకరు వస్తారు. "కొట్టేశారని కాదు, పోయిందని రాయండి, తొందరగా అవుతుంది" అంటాడు రైటర్. పోయిన ఫోన్ల కోసం ఉన్న సీఈఐఆర్ పోర్టల్లో ఫోను గుర్తింపు నంబరు (ఐఎంఈఐ) బ్లాక్ చేస్తారు, అదృష్టం బాగుంటే ఫోను దొరుకుతుంది. మనిషికి మేలు జరిగినట్టే ఉంటుంది. కానీ దొంగతనం రికార్డులోకి ఎక్కలేదు. ఆ బస్టాపు నేరాల మ్యాపు మీద కనపడదు, అక్కడికి బీట్ కానిస్టేబుల్‌ను వేయరు, వచ్చే వారం అక్కడే ఇంకో నాలుగు ఫోన్లు పోతాయి. రైటర్ చేత అలా రాయించింది నెలవారీ క్రైమ్ మీటింగ్. పోయిన ఏడాదికీ ఈ ఏడాదికీ కేసుల అంకె పోల్చి, పెరిగితే నిలబెట్టి అడుగుతుంటే ఏ స్టేషనైనా కేసులు కట్టడం తగ్గిస్తుంది. తగ్గింది నేరం కాదు, కాగితం.

ఎస్పీ గారు అడిగే ప్రశ్న మారితే స్టేషన్ మారుతుంది. 112కి వచ్చిన కాల్స్‌లో యథాలాపంగా ఓ పది తీసి, ఒక్కొక్కటి చివరికి ఏమైందో జనరల్ డైరీతో సరిపోల్చి చూడాలి. ఫిర్యాదు ఇచ్చిన టైముకీ ఎఫ్ఐఆర్ కట్టిన టైముకీ మధ్య తేడా చూడాలి. పిటిషన్ ఇచ్చినవాళ్లకు డీఎస్పీ ఆఫీసు నుంచి ఫోన్ చేసి "ఎన్నిసార్లు తిప్పారు, ఎవరైనా డబ్బులడిగారా" అని అడగాలి. రిసెప్షన్‌ చూడ్డానికి ఆకస్మిక తనిఖీలే అక్కర్లేదు. 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు రిసెప్షన్, లాకప్, ఇన్‌స్పెక్టర్ గదితో సహా అన్నిచోట్లా మాట కూడా రికార్డయ్యే కెమెరాలు పెట్టమంది, ఫుటేజీ 18 నెలలు, అది కుదరకపోతే కనీసం ఏడాది ఉంచమంది. ఓ గంట ఫుటేజీ చూస్తే జనంతో ఎలా మాట్లాడుతున్నారో తెలిసిపోతుంది.

"ప్రిలిమినరీ ఎంక్వయిరీ చేస్తున్నాం" అనే మాట దగ్గరా జాగ్రత్త పడాలి. 3 ఏళ్ల నుంచి 7 ఏళ్ల లోపు శిక్ష పడే నేరాల్లోనే అది కుదురుతుంది. ముందు డీఎస్పీ అనుమతి ఉండాలి, 14 రోజుల్లో ముగియాలి. అనుమతి కాగితం మీద లేకుండా నెలల తరబడి "ఎంక్వయిరీలో ఉంది" అంటే అది ఎంక్వయిరీ కాదు, తిప్పడం.

స్టేషన్లో పొలం గట్ల పంచాయితీలు చేయడం ఇంకో పెద్ద రోగం. ఇరుపక్షాలనూ పిలిపించి రాజీ కాగితం రాయించే అధికారం ఎస్ఐకి లేదు. కొట్టుకునే పరిస్థితి ఉంటే బీఎన్‌ఎస్‌ఎస్ 126 కింద తహసీల్దారు ముందు బైండోవర్ చేయించవచ్చు, అంటే గొడవ చేయమని పూచీ రాయించవచ్చు. స్వాధీనం గొడవ ముదిరితే అదే చట్టం 164 కింద రిపోర్టు పంపవచ్చు. హక్కు ఎవరిదో తేల్చేది సివిల్ కోర్టు. పంచాయితీ చేసిన రోజున ఒక పక్షం దృష్టిలో ఆ స్టేషన్ అమ్ముడుపోయినట్టే. తర్వాత అదే ఊళ్లో దొంగతనం జరిగితే సాక్ష్యం చెప్పడానికి సగం ఊరు రాదు.

ఇవన్నీ నిలబడాలంటే ఎస్ఐ కుర్చీలో కొంతకాలం ఉండాలి. 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఎస్‌హెచ్‌ఓకు కనీసం 2 ఏళ్లు అంది. సిఫార్సు లెటరుతో వచ్చి, ఇంకో లెటరుతో పోయే అధికారి నుంచి ఊరు పరిచయాలు, బీట్ మీద పట్టు ఆశించడం అన్యాయం.

ఇక, స్టేషన్లో మీ ఫిర్యాదు మీద కేసు కట్టకపోతే ఏం చేయాలి? అదే ఫిర్యాదును రిజిస్టర్డ్ పోస్టులో ఎస్పీకి, కమిషనరేట్ అయితే డీసీపీకి పంపండి. పోస్టు రసీదు, ఫిర్యాదు కాపీ దాచండి. అక్కడా కదలకపోతే ఆ రెండూ జత చేసి బీఎన్‌ఎస్‌ఎస్ 173(4) కింద మేజిస్ట్రేట్‌కు దరఖాస్తు పెట్టవచ్చు. కేసు నమోదైనవాళ్లయితే, అంటే ఫిర్యాదుదారులు, ఎఫ్ఐఆర్‌లో తమ ఫోన్ నంబరు సరిగ్గా పడిందో లేదో అక్కడే చూసుకోవాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా పోలీసులు చెప్పాలని బీఎన్‌ఎస్‌ఎస్ 193లో ఉంది. చాలా స్టేషన్లు ఆ సమాచారం మెసేజీగానే పంపుతాయి, ఒక్క అంకె తప్పు పడితే అది ఇంకెవరికో పోతుంది.