మా వాళ్లు

“మా వాళ్లు రెండు వేల మంది చచ్చిపోయారమ్మా. నువ్వేమో బ్యాంకు గురించి మాట్లాడమంటావు. నేను మాట్లాడను.”

చపాతీ పిండి కలుపుతున్న నా చెయ్యి ఆగిపోయింది. రెండు వేల మంది అన్నందుకు కాదు, “మా” అన్నందుకు.

“మన ఇల్లు” అంటే అందులో నువ్వూ ఉన్నావని. “మా ఇల్లు” అంటే వింటున్న నువ్వు బయటిదానివని. పదకొండేళ్ల నా కూతురు నన్ను బయట నిలబెట్టి స్కాట్లండ్ వాళ్లను “మా వాళ్లు” అంది. తేడా తెలిసి అందో, తెలియక అందో నాకు తెలియలేదు. ఇక్కడ పిల్లలకు తెలుగు ఎలా నేర్పాలని ఎవరైనా అడిగితే నేను టకటకా చెప్పేస్తాను: ఇంట్లో తెలుగే మాట్లాడండి, తప్పు దొర్లితే అప్పటికప్పుడే దిద్దండి అని. ఆ సాయంత్రం మాత్రం దిద్దలేకపోయాను. అందులో తప్పే లేదేమో అనిపించింది.

బళ్లో ప్రైమరీ సెవెన్ పిల్లలంతా స్కాట్లండ్ చరిత్రలోని ఎవరో ఒకరి గురించి ఐదు నిమిషాలు మాట్లాడాలన్నారు. విలియం పేటర్సన్ పేరు చెప్పింది నేనే. 1658లో డంఫ్రీస్ దగ్గర టిన్‌వాల్డ్‌లో, రైతు ఇంట్లో పుట్టాడు. కుర్రతనంలోనే ఊరు దాటి, వెస్టిండీస్ వెళ్లి, వ్యాపారం నేర్చుకుని లండన్‌లో నిలదొక్కుకున్నాడు. ఫ్రాన్స్‌తో యుద్ధం చేస్తున్న విలియం రాజుకు డబ్బుకు కటకటగా ఉన్న రోజులవి. జనం దగ్గర 12 లక్షల పౌండ్లు పోగుచేసి ప్రభుత్వానికి అప్పుగా ఇద్దాం, ఏటా 8 శాతం వడ్డీ, నిర్వహణకు 4,000 పౌండ్లు ఇస్తే చాలు, అసలు కోసం తొందరపెట్టం, అప్పిచ్చిన వాళ్లంతా కలిసి ఒక బ్యాంకు అవుతారు అన్నాడు. ఆ పథకాన్ని వివరిస్తూ పుస్తకం కూడా రాశాడు. రెండు వారాల్లోపే చందా నిండిపోయింది. 1694 జులైలో పుట్టిన ఆ బ్యాంకే బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్.

అక్కడితో ఆపెయ్యమన్నాను. ఊరు వదిలి వెళ్లినవాడు బాగుపడ్డాడన్న కథ అది. మేమెందుకు వచ్చామని పిల్ల ఎప్పుడు అడిగినా నేను చెప్పేది కూడా ఆ కథే.

నేను ఆపమన్న చోటి నుంచే అది చదవడం మొదలుపెట్టింది.

బ్యాంకు పెట్టిన మరుసటి ఏడాదే తోటి డైరెక్టర్లతో పడక పేటర్సన్ బయటికొచ్చాడు. అదే 1695లో స్కాట్లండ్ పార్లమెంటు చట్టంతో ఆఫ్రికా, ఇండీస్ వ్యాపారానికి ఒక కంపెనీ ఏర్పడింది. ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ అడ్డం తిరిగేసరికి లండన్‌లో వాటాలు రాసినవాళ్లు వెనక్కి తగ్గారు. దాంతో 1696లో స్కాట్లండ్ రాజధాని ఎడిన్‌బరాలో చందా పుస్తకం తెరిచి 4 లక్షల పౌండ్లకు వాటాలు రాయించారు. పేదదేశం. ఉన్నదంతా ఊడ్చి పెట్టినవాళ్లున్నారు. ఆ డబ్బుతో పనామా దగ్గర, రెండు సముద్రాల మధ్య సన్నగా ఉండే డేరియన్‌లో వలస పెట్టాలన్నది పేటర్సన్ కల. సముద్రాలకు అదే తలుపు, విశ్వానికి అదే తాళంచెవి అని రాశాడు. వ్యాపారం వ్యాపారాన్ని పెంచుతుంది, డబ్బు డబ్బును కంటుంది అన్నదీ అతనే. ఆ వాక్యాలు చదివితే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. అంత నమ్మకంగా రాయగలిగినవాడి వెంట నేనూ వెళ్లి ఉండేదాన్ని.

1698 జులైలో ఐదు ఓడల్లో దాదాపు 1,200 మంది లీత్ రేవు నుంచి బయల్దేరారు. అప్పటికి పేటర్సన్‌కు పదవి లేదు. కంపెనీ సొమ్మును నమ్మి ఒక స్నేహితుడి చేతికిస్తే అతను కాజేశాడు. పేటర్సన్ తప్పు లేదని విచారణలో తేలినా పక్కన పెట్టేశారు. అయినా మామూలు మనిషిగా, భార్య హానాను వెంటబెట్టుకుని ఓడెక్కాడు. నవంబరు మొదట్లో ఒడ్డుకు చేరారు. రెండు వారాలు తిరక్కుండానే హానా చనిపోయింది.

“ఆవిడని అడిగాడా, వస్తావా అని?” అంది మా అమ్మాయి.

ఆ కాలంలో అడిగేవాళ్లు కాదని చెప్పబోయి ఆగాను. మేం బయల్దేరినప్పుడు దానికి మూడేళ్లు. అమ్మమ్మ చీర కొంగు వదలనని ఏడ్చిన పిల్లను చాక్లెట్ చూపించి విమానం ఎక్కించాం.

ఆదివారం ఎడిన్‌బరాలోని చాంబర్స్ స్ట్రీట్ మ్యూజియానికి తీసుకెళ్లాను. ఆ కంపెనీ డబ్బు దాచుకున్న ఇనప్పెట్టె అక్కడుంది. మూత లోపలివైపంతా గొళ్లేలు, మీటలు, వాటిని కలిపే కమ్మీలు. మా అమ్మాయి అద్దానికి ముక్కు ఆనించి వేలితో ఆ గొళ్లేలు లెక్కపెట్టింది. “ఇంత తాళం వేసి ఏం దాచారు?” అంది. ఆ డబ్బంతా డేరియన్‌లో పోయిందని దానికి తెలుసు. నేనేం మాట్లాడలేదు.

నన్ను పట్టుకున్నది మాత్రం ఆ పెట్టె కాదు, ఒక ఉత్తరం. 1698 డిసెంబరు చివర డేరియన్ నుంచి ఎడిన్‌బరాకు ఉత్తరం రాశారు, ఇక్కడి నేల సారవంతం, ఆరోగ్యానికి మంచి చోటు అని. రాసే నాటికే మనుషులు జ్వరాలతో పోతున్నారు. మరుసటి మార్చిలో ఆ ఉత్తరం అందితే ఎడిన్‌బరాలో సంబరాలు చేసుకున్నారు. డేరియన్‌లో మాత్రం వలసను నడిపే సభకు అధ్యక్షుడు వారానికొకడు మారుతున్నాడు. అది పద్ధతి కాదని పేటర్సన్ చెప్పినా వినలేదు. అమెరికాలోని ఇంగ్లిష్ వలసలేవీ వీళ్లకు సాయం చెయ్యకూడదని రాజు ఆజ్ఞ. పురుగులు పట్టిన పిండిని నీళ్లలో మరిగించి, పైకి తేలిన పురుగుల్ని తీసేసి తాగారట. 1699 జూన్‌లో అందరూ ఆ చోటు వదిలేశారు. జబ్బుతో ఉన్న పేటర్సన్‌ను మోసుకొచ్చి ఓడెక్కించారు. అప్పటికీ ఉండిపోదామన్నవాడు అతనే. ఇదంతా ముగిశాక, ఆ సెప్టెంబరులో, మరో 1,300 మంది స్కాట్లండ్ నుంచి బయల్దేరారు. మంచి కబురే నిజమనుకున్నారు. ఆ రెండో గుంపు 1700లో స్పెయిన్ వాళ్లకు లొంగిపోయింది.

మేం వచ్చిన తొలి చలికాలంలో మూడో నెలకే మావారి కాంట్రాక్టు పోయింది. గదిలో హీటర్ వెయ్యడానికి భయపడి ముగ్గురం ఒకే దుప్పట్లో పడుకున్న రాత్రులున్నాయి. బందరు నుంచి అమ్మ ఫోన్ చేస్తే “బావున్నామమ్మా, ఇక్కడ అన్నీ బావున్నాయి” అనేదాన్ని. మంచు కురిసిన రోజు ఫొటో పంపాను. ఆ ఫొటో చూసి, నా మాట నమ్మి తమ్ముడు పొలం తాకట్టు పెట్టి ఎమ్మెస్సీకి వచ్చాడు. పగలు చదువు, రాత్రి గోడౌన్‌లో పని. రెండేళ్లకు వీసా అయిపోయి, ఉద్యోగం దొరక్క వెళ్లిపోయాడు. అప్పు ఇంకా తీరలేదు. రావద్దురా అని ఒక్కసారి కూడా అనలేదు నేను. చెప్పుంటే ఆగేవాడేమో. ఆగకపోయేవాడేమో. నేను మాత్రం చెప్పలేదు.

మా బందరులో ఇంగ్లీషుపాలెం ఉంది, డచ్చివాళ్ల పేరున వలందపాలెం, ఫ్రెంచివాళ్ల పేరున పరాసుపేట ఉన్నాయి. డచ్చి సమాధుల పక్క నుంచే బడికి వెళ్లేవాళ్లం. పేటర్సన్ కంపెనీకి అడ్డం తిరిగిన ఈస్టిండియా కంపెనీ 1611లోనే మా రేవులో గిడ్డంగి పెట్టుకుంది. వాళ్ల పిల్లలు మా ఊరిని ఏమని పిలిచేవారో నేనెప్పుడూ ఆలోచించలేదు. పనామాలో గూనా తెగవాళ్ల తీరాన స్కాట్లండ్ వాళ్లు దిగిన చోటును చాలాకాలం స్కాట్‌ల రేవు అనే పిలిచేవారు. అది మా అమ్మాయికి చెబితే వెంటనే రాసుకుంది.

పేటర్సన్ ఊరుకోలేదు. 1701లో మళ్లీ డేరియన్ మీదే రాజుకు ప్రతిపాదన రాశాడు. తర్వాత ఇంగ్లండ్, స్కాట్లండ్ ఒకటవ్వాలని వాదించాడు. కొందరు మిత్రులు బుధవారం బుధవారం కూర్చుని మాట్లాడుకుంటున్నట్టు 1706లో దాని మీద పుస్తకం రాశాడు. 1707లో దేశాలు కలిసినప్పుడు ఇంగ్లండ్ చెల్లించిన 3,98,085 పౌండ్ల పరిహారంలో పెద్ద వాటా డేరియన్‌లో డబ్బు పోగొట్టుకున్నవాళ్లకే వెళ్లింది. పేటర్సన్ సొంత నష్టానికి పార్లమెంటు 18,241 పౌండ్లు మంజూరు చేసేసరికి 1715 వచ్చింది. 1719 జనవరిలో చనిపోయాడు. అన్నీ పోయినా రాస్తూనే ఉన్న ఆ మొండితనం నాకిష్టం. మా అమ్మాయికి నచ్చలేదు. “సారీ చెప్పాలి కదా ముందు” అంది. ఎవరికని అడిగాను. “హానాకి” అంది.

బళ్లో మాట్లాడే ముందు రోజు అమ్మమ్మకు వీడియో కాల్‌లో అంతా తెలుగులో చెప్పి చూపించింది. ఓడలు, జ్వరాలు, పిండిలో పురుగులు. మధ్యలో అమ్మ “ఎవరే వాళ్లు, మనవాళ్లా?” అంది.

“కాదు అమ్మమ్మా, మా వాళ్లు.”

“అయ్యో పాపం, ఎంతమంది తల్లులు ఎదురుచూశారో” అని అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఎవరి వాళ్లని మళ్లీ అడగలేదు. కాసేపాగి, “నువ్వెలా ఉన్నావే?” అంది నాతో.

ఆ వారం నాకు రోజూ జ్వరం.

“బావున్నానమ్మా” అన్నాను.

మా అమ్మాయి తలెత్తి నా వైపు చూసింది.