శ్రీశైలం కాలిబాటలో టార్చిలైటు మినుకులు

శివరాత్రికి ముందు ఆత్మకూరు వైపు నుంచి శ్రీశైలానికి నడిచి వెళ్లేవారు వెంకటాపురం దగ్గర అడవిలో అడుగుపెట్టి, నాగలూటి, పెచ్చెరువు, మఠంబావి, భీముని కొలను మీదుగా కైలాసద్వారం చేరుకుంటారు. ఆ దారిన వెళ్లిన మా ఆరుగురిలో పెద్దవారు మా మామయ్య. డెబ్బై దాటిన ఆయనకు నడకలో ఏ లోటూ లేదు గానీ, వినికిడి మాత్రం బాగా తగ్గిపోయింది. చెమటకు పాడవుతుందని చెవి మెషిన్ తీసి డబ్బాలో పెట్టేసుకున్నారు కాబట్టి, పది అడుగుల దూరం నుంచి గొంతు చించుకుని పిలిచినా ఆయనకు వినిపించదు. అంతవరకు నేను అక్కర్లేని హంగుగా భావించిన టార్చిలైటు స్ట్రోబ్, అంటే వేగంగా మినుకే వెలుగు గురించి శ్రద్ధగా ఆలోచించవలసి వచ్చింది ఆయన కోసమే.

నా టార్చిలైటు బటన్‌ను వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే వెలుగు టపటపా కొట్టుకుంటుంది. నొక్కి పట్టుకుంటే బీకన్ అనే నెమ్మది మినుకు వస్తుంది. రెండూ ఒకటేనని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకునేవాణ్ని. బయలుదేరే ముందు ఫోన్‌లో స్లోమోషన్ వీడియో తీసి లెక్కపెడితే, స్ట్రోబ్ సెకనుకు 15 సార్లు, బీకన్ రెండు సెకన్లకు ఒకసారి వెలుగుతున్నట్టు తేలింది. ఈ రెండు అంకెల మధ్య తేడా ఎంత పెద్దదో నాకు దారిలో తెలిసివచ్చింది.

అడవిలోకి దిగేముందు రాత్రి సత్రంలో పడుకున్నాం. నెత్తిమీద పంకా అదోలా ఊగుతూ కిర్రుమంటోంది. గదిలో దీపం ఆర్పి, స్ట్రోబ్‌ను పంకా మీదికి తిప్పి, స్విచ్ కట్టేయమన్నాను. కరెంటు ఆగాక పంకా క్రమంగా నెమ్మదిస్తుంది కదా, అలా నెమ్మదిస్తూ ఒక దశలో తిరుగుతున్న మూడు రెక్కలూ గాలిలో నిలిచిపోయినట్టు కనిపించి, ఆ వెంటనే వెనక్కి తిరగడం మొదలుపెట్టాయి. నిమిషానికి 300 చుట్లు తిరిగే పంకా సెకనుకు 5 చుట్లు తిరుగుతుంది. మూడు రెక్కలు కాబట్టి ఒకే చోటికి సెకనుకు 15 సార్లు ఏదో ఒక రెక్క వస్తుంది. వెలుగు కూడా సరిగ్గా అన్నిసార్లే వస్తే, ప్రతిసారీ కంటికి రెక్కలు అదే చోట దొరుకుతాయి. మూడు రెక్కలూ సమంగా ఉంటే ఒకదాని మీద ఒకటి అచ్చంగా కూర్చున్నట్టు కనబడాలి. మాకు మాత్రం రెక్క కొస దగ్గర రెండు గీతలు, ఒకటి కాస్త కిందికి, అదురుతూ కనిపించాయి. అంటే ఒక రెక్క జారిందన్నమాట. పంకా పూర్తిగా ఆగాక బల్ల ఎక్కి చూస్తే ఆ రెక్క మర వదులై ఉంది. సత్రం మనిషి వచ్చి బిగించాక కిర్రుమనడం ఆగింది.

1832లో బెల్జియంలో జోసెఫ్ ప్లేటో, ఆస్ట్రియాలో సైమన్ స్టాంఫర్ ఎవరికి వారే కనిపెట్టిన స్ట్రోబోస్కోపు అనే పరికరం పనిచేసేది ఈ సూత్రం మీదే. అమెరికాలో హెరాల్డ్ ఎడ్జెర్టన్ 1930లలో మెరుపుదీపాలతో తిరిగే యంత్రాలను నిలిపి చూపించడం దానికి కొనసాగింపు. టార్చిలైటులో ఒక చిక్కుంది. కొన్నింటిలో మినుకు వేగం దానంతట అదే మారుతూ ఉంటుంది, వాటితో ఈ పరీక్ష కుదరదు. అంతకంటే ముఖ్యమైన మాట మరొకటి ఉంది: నిలిచినట్టు కనిపించేది నిలిచిపోలేదు. స్ట్రోబ్ వెలుగులో తిరిగే రెక్క దగ్గరికి చెయ్యి పోనివ్వకూడదు. పాత ట్యూబులైట్లు 50 హెర్ట్జ్ కరెంటు మీద సెకనుకు 100 సార్లు మినుకుతాయి కాబట్టి, తిరిగే యంత్రం ఆగినట్టు భ్రమ కలగకుండా కార్ఖానాల్లో పక్కపక్క దీపాలను, అన్నీ ఒకేసారి ఆరకుండా, వేరువేరు కరెంటు ఫేజుల మీద పెట్టేవారు.

తెల్లవారుజామున రోడ్డు మీద నడిచిన కాసేపు నెమ్మది మినుకుతోనే గడిపాం. ముందు నడిచేవారి చేతిలో మామూలు వెలుగు, చివరి మనిషి చేతిలో బీకన్, అదీ డ్రైవర్ల కళ్లలోకి కాకుండా మా మడమల వెనక నేల మీదికి. మినుకే వెలుగు చూపును త్వరగా ఆకర్షిస్తుంది గానీ, అది ఎంత దూరంలో ఉందో అంచనా వేయడం చూసేవారికి కష్టం. స్థిరమైన వెలుగు పక్కనే ఉంటే ఆ అంచనా కుదురుతుంది. బ్రిటన్‌లో 2005లో సైకిళ్లకు మినుకే దీపాలను అనుమతించినప్పుడు నిమిషానికి 60 నుంచి 240 సార్లు మాత్రమే మినుకాలని నియమం పెట్టారు. అంటే సెకనుకు నాలుగుకు మించకూడదు. నా టార్చిలైటు స్ట్రోబ్ దానికి దాదాపు నాలుగింతలు.

నాగలూటిలో నేను చేసిన తప్పు ఆ లెక్కను మరచిపోవడం వల్ల జరిగిందే. ఆ సాయంత్రం చెట్ల కింద ఎక్కడ చూసినా యాత్రికులే. నీళ్లకు వెళ్లినవాళ్లు, ముఖ్యంగా పిలిస్తే వినిపించని మామయ్య, మా చోటు గుర్తుపట్టాలని టార్చిలైటును స్ట్రోబ్‌లో పెట్టి ఒక కొమ్మకు కట్టాను. చుట్టూ ఉన్న ఆకులు, మూటలు, ముఖాలు అన్నీ ఒక్కసారిగా దడదడలాడాయి. నిమిషం గడిచిందో లేదో, పక్క బృందంలోని ఒక తల్లి పరుగున వచ్చింది.

"అన్నా, దయచేసి ఆ లైటు ఆపండి. మా బాబుకి మూర్ఛ ఉంది. అలా కొట్టుకునే వెలుగు పడకూడదని డాక్టరు చెప్పారు."

చేతులు వణుకుతూ ఆపేశాను. పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లవాడు మావైపు వీపు పెట్టి, ఒక అరచేతిని ఒక కంటి మీద గట్టిగా అదిమిపెట్టుకుని కూర్చున్నాడు. వాడికి ఏమీ కాలేదు. క్షమించమని అడిగి, రెండు కళ్లూ మూసుకోకుండా ఒక కన్నే ఎందుకు మూసుకున్నాడని అడిగాను. రెప్పలు మూసినా మినుకు వాటి గుండా లోపలికి వస్తూనే ఉంటుందని, ఒక కన్నును అరచేత్తో పూర్తిగా కప్పి ముఖం తిప్పేసుకుంటే మెదడు మీద దాని ప్రభావం తగ్గుతుందని ఆమె ఓపికగా చెప్పింది. మూర్ఛ ఉన్న ప్రతి 100 మందిలో సుమారు ముగ్గురికి ఇలా వెలుగు మినుకులతో మూర్ఛ వస్తుంది, పిల్లల్లో, యుక్తవయసువారిలో ఎక్కువ. సెకనుకు 3 నుంచి 30 దాకా ఉండే మినుకులు ప్రమాదకరమైనవి; చేతి టార్చిలైట్లలోని స్ట్రోబ్‌లు చాలావరకు ఆ పరిధి నడుమనే పడతాయి. చెవిటివారి కోసం భవనాల్లో పెట్టే అగ్నిప్రమాద హెచ్చరిక దీపాలను సెకనుకు రెండుసార్లకు మించి మినుకనివ్వకపోవడానికి కారణం ఇదే. జనం నడుమ వేగమైన స్ట్రోబ్ వెలిగించకూడదు. ఈ మాటలో నాకు ఇప్పుడు ఏ మినహాయింపూ కనిపించదు.

ఆమె అనుమతి అడిగి, బీకన్‌ను కొమ్మ మీది నుంచి పైకి, ఆకుల గుబురులోకి తిప్పి కట్టాను. మామయ్య నీళ్ల బిందెతో నేరుగా దాని కిందికే వచ్చారు. ఆ రాత్రి నుంచి ఆయనను నిద్రలేపడం కూడా వెలుగుతోనే: ఆయన ముఖం మీద కాదు, తలవైపు కట్టిన దుప్పటి గుడ్డ మీద మూడు మినుకులు. భుజం పట్టి కుదిపితే ఉలిక్కిపడే మనిషి, దీనికి నిదానంగా లేచి కూర్చున్నారు.

రెండో రోజు సాయంత్రం, పెచ్చెరువు దాటి మఠంబావి వైపు నడుస్తూ ఉండగా మామయ్య కనిపించలేదు. కాలకృత్యానికి పక్కకు వెళ్లినవారు తిరిగి దారిలోకి రాబోయి, పశువుల జాడలాంటి మరో బాట పట్టారని తర్వాత తెలిసింది. చీకటి పడుతోంది. మిగతావాళ్లు "మామయ్యా, మామయ్యా" అని కేకలు వేయబోతే, ఆయనకు వినిపించదు కదా అన్న సంగతి అందరికీ ఒకేసారి తట్టి, అలాగే నిలబడిపోయాం.

నా చేతి బొటనవేలు రెండుసార్లు నొక్కడానికి సిద్ధమైంది. ఆపుకున్నాను. వేగమైన స్ట్రోబ్ పెడితే చుట్టూ ఉన్న అడవి మొత్తం అదురుతున్నట్టు కనిపిస్తుందే తప్ప, ఆ వెలుగు పుట్టే చోటు ఏదో దూరాన ఉన్నవారికి తేల్చుకోవడం కష్టం. పైగా దగ్గర ఉన్న మా కళ్లే ముందు పాడవుతాయి. చీకటికి పూర్తిగా అలవాటుపడటానికి కంటికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఆ అలవాటును స్ట్రోబ్ ఒక్క క్షణంలో చెరిపేస్తుంది. వానలోనూ మంచులోనూ అయితే ఆ వెలుగు తుంపరల మీద పడి తిరిగి మన ముఖానికే కొడుతుంది. కాబట్టి అందరినీ మామూలు దీపాలు ఆర్పేయమని, దారి పక్కన ఉన్న ఎత్తైన బండ ఎక్కి, బీకన్‌ను పెద్ద చెట్టు చివర్ల మీదికి ఎక్కుపెట్టాను. అడ్డుగా చెట్లుంటే టార్చిలైటు కనబడకపోవచ్చు గానీ, చెట్టు చివర వెలిగే ఆకులు చాలా దూరానికి కనిపిస్తాయి. మినుకును గుర్తించడంలో కంటి అంచు చూపు చురుకైనది. సూటిగా అటు చూడకపోయినా తల తిరుగుతుంది. ఆరి ఉండే సమయమే ఎక్కువ కాబట్టి బ్యాటరీ కూడా చాలాసేపు వస్తుంది. అవసరమైతే తెల్లవార్లూ పెట్టవచ్చనే ధైర్యం ఆ చీకట్లో చిన్నది కాదు.

పావుగంట గడిచింది. ఎడమవైపు పొదల వెనక ఒక చిన్న వెలుగు కనబడి, మాయమై, మళ్లీ కనబడింది. మామయ్య దగ్గర ఉన్నది ఒకే ఒక్క బటన్ ఉన్న పాత టార్చిలైటు. దానికి మినుకు లేదు. అరచెయ్యి అడ్డం పెడుతూ తీస్తూ ఆయన మాకు జవాబు చెబుతున్నారు. మేము ఆ వైపు నడిచి ఆయనను చేరుకున్నాం.

"మొదట మెరుపనుకున్నానురా. మెరుపు ఒకే చెట్టు మీద అన్నిసార్లు పడదు కదా, మీరేనని తెలిసింది. ఉన్నచోటనే నిలబడ్డాను," అన్నారు.

తప్పిపోయినవారు నిలబడటమే అన్నిటికంటే ముఖ్యం. ఆ రాత్రి మఠంబావి దగ్గర కూర్చుని మేం ఒక ఒప్పందం చేసుకున్నాం. కొండలెక్కేవారికి 1894 నుంచి ఒక ప్రమాద సంకేతం ఉంది. నిమిషంలో ఆరుసార్లు వెలుగు చూపాలి, అంటే పది సెకన్లకు ఒకసారి, తర్వాత ఒక నిమిషం ఆగాలి, మళ్లీ ఆరు. చూసినవారు నిమిషానికి మూడు చొప్పున జవాబిస్తారు. దీనికి స్ట్రోబ్ ఉన్న టార్చిలైటు అక్కర్లేదు, అరచెయ్యి చాలు. చాలా టార్చిలైట్లలో ఉండే ఎస్‌ఓఎస్ కూడా మంచిదే, 1906లో బెర్లిన్ సమావేశంలో ఓడల కోసం అంగీకరించిన ఆ మూడు పొట్టి, మూడు పొడవు, మూడు పొట్టి సంకేతాన్ని ఎక్కడివారైనా గుర్తిస్తారు. అయితే చేత్తో తప్పు లేకుండా ఇవ్వడం అలసిన మనిషికి కష్టం. మేము ఆరూ మూడూ ఎంచుకున్నాం. మామయ్య వేళ్లు మడుస్తూ రెండుసార్లు అభ్యాసం చేశారు.

అడవి జంతువుల మీదికి స్ట్రోబ్ వేయవచ్చా అని ఒకరు అడిగారు. వేయకూడదనే చెప్పాను. అది పులుల అభయారణ్యం, మనం వాటి ఇంటిలో నుంచి పోతున్నవాళ్లం. కళ్లు చెదిరిన జంతువు మన నుంచి దూరంగానే పరుగెడుతుందన్న హామీ ఏమీ లేదు. గుంపుగా, మాట్లాడుకుంటూ, స్థిరమైన వెలుగుతో నడవడమే మేలు.

ఇంకొక చిన్న జాగ్రత్త: సంచిలో బటన్ నొక్కుకుపోయి టార్చిలైటు వెలిగితే గుడ్డలు కాలేంత వేడి పుట్టవచ్చు. నడుస్తున్నంతసేపూ వెనక మూతను పావు చుట్టు వదులు చేసి ఉంచాను. నా టార్చిలైటుకు అంతమాత్రంతోనే కరెంటు తెగిపోతుంది.

మూడో రోజు తెల్లవారకముందే భీముని కొలను లోయలోకి దిగాం. అక్కడి నుంచి కైలాసద్వారానికి రాతిమెట్లు నిటారుగా ఎక్కాలి. మెట్ల మీద ఎవరి కళ్లలోనూ మినుకు పడకూడదు కాబట్టి టార్చిలైట్లన్నీ స్థిరంగా, పాదాల ముందుకు. మామయ్య మాకంటే నెమ్మదిగా, మా మేనల్లుణ్ని తోడు పెట్టుకుని వెనక వస్తున్నారు. పైన కైలాసద్వారం చేరాక నేను పక్కకు జరిగి, లోయ వైపు, మెట్ల మీద ఉన్నవారికి తగలకుండా ఎదురుగా ఉన్న రాతిగోడ మీదికి వెలుగు తిప్పి, నిమిషానికి మూడు లెక్కన మినుకులు పంపాను. కింద చీకటిలో, నేను ఊహించినదాని కంటే చాలా దగ్గరలో, ఒక అరచెయ్యి వెలుగును మూసింది, తీసింది, మూసింది. మూడు లెక్కపెట్టి నేను టార్చిలైటు ఆర్పేశాను.